ఓవర్‌సైట్‌కు తెలుగు: అజమాయిషీయా, పరాకా?

సభ్యులకు నమస్కారం. మూడు రోజులుగా ఒక్క మాట దగ్గర చిక్కుకుపోయాను. చేయి అందిస్తారని ఇక్కడ పెడుతున్నాను.

బెంగళూరులో ఇంట్లో కూర్చుని అనువాదాలు చేసుకునేదాన్ని. ఈసారి వచ్చిన పని శాసనసభ్యులకూ, వారి దగ్గర పనిచేసే సిబ్బందికీ ఇచ్చే శిక్షణ పాఠం. మూలం అమెరికాది. మిషిగన్ నుంచి 1979 మొదలు 2015 దాకా సెనేటర్‌గా ఉన్న కార్ల్ లెవిన్ పేరు మీద డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాలలో ఒక కేంద్రం నడుస్తోంది. ప్రభుత్వం చేసిన పని సరిగా జరిగిందో లేదో చట్టసభ ఎలా కూపీ లాగాలి, అందులోనూ రెండు పార్టీలవారూ కలిసి ఎలా లాగాలి అన్నది అక్కడ నేర్పుతారు. కాగితాలు ఎలా అడగాలి, సాక్షిని ఏ వరసలో ప్రశ్నించాలి, విధానం మీద ఏకాభిప్రాయం లేకపోయినా జరిగిన సంగతుల మీద ఎలా ఒక మాటకు రావాలి, ఇలాంటివన్నీ. చదవడానికి బాగుంది. చిక్కల్లా శీర్షికలోనే ఉంది: బైపార్టిసాన్ ఓవర్‌సైట్.

పర్యవేక్షణ అని రాసి ముందుకు పోయాను. నాలుగో పేజీలో అదే మాట మళ్లీ ఎదురైంది. ఈసారి అర్థం ‘శాఖ చూసుకోక చేసిన పొరపాటు’. కళ్లప్పగించి చూడటానికీ, చూడకుండా వదిలేయడానికీ ఇంగ్లీషువాడికి ఒకే మాట! అక్కడ పొరపాటు అని రాసి బయటపడ్డాను కానీ, వెనక్కి వచ్చి చూస్తే పర్యవేక్షణ కూడా నచ్చడం మానేసింది. పరీక్ష గదిలో అటూ ఇటూ తిరిగే అయ్యవారిది పర్యవేక్షణ. కట్టుబడి దగ్గర గొడుగు పట్టుకుని నిలబడే ఇంజినీరుది పర్యవేక్షణ. పైవాడు కిందివాడిని చూడటం అది. ఎమ్మెల్యే దగ్గర పనిచేసే పాతికేళ్ల కుర్రవాడు ఒక శాఖ కార్యదర్శిని ‘ఈ డబ్బు ఎక్కడికి పోయింది?’ అని అడగడాన్ని ఏమనాలి?

మల్లేశ్వరం మాస్టారు: అమ్మాయీ, మాటను తప్పుపట్టకు, వాడకాన్ని పట్టు. పరి, అవ, ఈక్షణ. చుట్టూ తిరిగి, వంగి, పరకాయించి చూడటం. ఇందులో పైవాడు, కిందివాడు ఎక్కడున్నారు? ఆఫీసులు ఆ మాటను కుర్చీలో కూర్చోబెట్టాయి, అంతే. మన ఊళ్లో కన్నడం వాళ్లు మేల్విచారణె అంటారు. వాళ్లకు విచారం అంటే ఆలోచన, సంగతి. మనకేమో ఏడుపు. అరువు తెచ్చుకుందామన్నా కుదరదు. వాళ్లు జిల్లా మంత్రికి వాడే ఉస్తువారి అన్న మాట బాగానే ఉంటుంది కానీ అది బాధ్యత మోయడం, ఆరా తీయడం కాదు.

మైలాపూరులో పెరిగిన అక్కయ్య: తమిళంలో మేర్పార్వై. మేల్ అంటే పైన, పార్వై అంటే చూపు. అచ్చంగా ఓవర్‌సైటే. అలాగని తెలుగులో ‘పైచూపు’ అని రాశారో, కొంప మునుగుతుంది. పైపైన చూసి వదిలేశారనుకుంటారు.

(అక్కయ్యా, నిజం చెప్పాలంటే చాలా కమిటీల విషయంలో ఆ అనువాదమే సరిగ్గా సరిపోతుంది.)

నిఘా అని ఇద్దరు సూచించారు. నిగాహ్ అంటే పారశీకంలో ఉత్త చూపే, కవులు వాడుకునే అందమైన మాట. మన దగ్గర పోలీసు టోపీ పెట్టుకుంది. శాసనసభ్యుడికి ఆ టోపీ వద్దు.

వైట్‌ఫీల్డ్ నుంచి, కరణంగారి మనవడు: అజమాయిషీని ఎందుకు మరిచిపోయారు? ఇది కూడా పారశీకం నుంచి వచ్చిందే. ఆజ్‌మాయిష్, పరీక్షించి చూడటం. ఇప్పుడంటే అత్తగారు కోడలి మీద చేసేదిగా మిగిలింది కానీ, రెవెన్యూలో దీనికి ఖచ్చితమైన పని ఉంది. కరణం అడంగల్లో, అంటే ఊరి పంట లెక్కల పుస్తకంలో, వేరుశనగ అని రాశాడు. చేలో నిజంగా వేరుశనగే ఉందా, బీడు పడి ఉందా? పై ఉద్యోగి గట్టు మీద నడిచి, కళ్లతో చూసి, పుస్తకంతో సరిపోల్చుకోవాలి. అది పంట అజమాయిషీ. మా తాతగారు ఆ రోజుల్లో రెండు పూటలా మజ్జిగ సిద్ధంగా ఉంచమనేవారట. మజ్జిగ తాగి చెట్టు కిందే సంతకం పెట్టి వెళ్లినవాళ్లూ ఉన్నారట, అది వేరే సంగతి.

నాకు ఒక్కసారిగా దీపం వెలిగినట్టయింది. పాఠంలో ట్రూమన్ కమిటీ గురించి ఒక అధ్యాయం ఉంది. 1941లో అమెరికా యుద్ధానికి సిద్ధమవుతూ కంట్రాక్టుల మీద డబ్బు కుమ్మరిస్తున్నప్పుడు, మిస్సోరి సెనేటర్ హ్యారీ ట్రూమన్ తన కారు తానే నడుపుకుంటూ సైనిక శిబిరాల నిర్మాణాలు చూడటానికి పోయాడు. కలప, సామాను ఎండకూ వానకూ పాడైపోతూ ఉండటం, కూలీలు ఊరికే నిలబడి ఉండటం చూసి వచ్చి సెనేట్‌లో కమిటీ వేయించాడు. అధికారంలో ఉన్నది సొంత పార్టీ. అయినా రెండు పార్టీల సభ్యులతోనూ పని చేయించి నివేదికలు తెచ్చాడు. ఇది గట్టు మీద నడిచి చేసిన పంట అజమాయిషీ కాక మరేమిటి? పుస్తకంలో రాసింది ఒకటి, చేలో ఉన్నది ఒకటి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటమే ఈ విద్య అంతా.

మాస్టారు: బాగుంది కానీ, ‘శాసనసభ అజమాయిషీ’ అని శీర్షిక పెడితే పెత్తనం చెలాయించడం అనుకుంటారు. మాటకు పాత అర్థం ఎంత గొప్పదైనా చదివేవాడి చెవిలో ఉన్నదే అర్థం.

ఒప్పుకోక తప్పలేదు. శీర్షికకు కాదు, లోపల పొలం దాకా వెళ్లి చూసే చోట మాత్రం అజమాయిషీ ఉంచుతాను.

ఇక బైపార్టిసాన్. మొదట ద్వైపాక్షిక అని రాశాను, సిగ్గుపడుతూ చెబుతున్నాను. అది రెండు దేశాల ఒప్పందం. నిష్పక్షపాతం అందామంటే, అది ఎటూ మొగ్గనివాడి గుణం. ఇక్కడ ఇద్దరూ బాగా మొగ్గినవాళ్లే. మొగ్గుతూనే కలిసి పని చేయాలి. అఖిలపక్షం అంటే టీ తాగి ఫొటో దిగే సమావేశం గుర్తొస్తుంది.

ఒక చట్టసభ సచివాలయంలో పనిచేసి రిటైరైన పెద్దాయన: ఉభయపక్ష అనండమ్మా. మనకు పార్టీలు ఎన్ని ఉన్నా సభలో పక్షాలు రెండే: అధికారపక్షం, ప్రతిపక్షం. మాటకు ఆచారం కూడా తోడుంది. పార్లమెంటు ప్రజాపద్దుల కమిటీలో 22 మంది, లోక్‌సభ నుంచి 15, రాజ్యసభ నుంచి 7. మంత్రి అందులో ఉండకూడదు. 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుడిని అధ్యక్షుడిగా పెట్టడం ఆనవాయితీ. ప్రభుత్వం ఖర్చు చేసిన లెక్కల మీద కాగ్ (ఆడిటర్ జనరల్) ఇచ్చిన నివేదికను ముందు పెట్టుకుని అధికారులను ప్రశ్నిస్తారు. సభలో ఒకరి మాట ఒకరికి వినపడనంతగా అరుచుకున్నవాళ్లే కమిటీ గదిలో తలుపులు వేసుకున్నాక ఒకే పేరాను పట్టుకుని కూర్చోవడం నేను చూశాను. కెమెరా లేకపోవడం, విప్ (పార్టీ ఆదేశం) లేకపోవడం. రెండూ మందుల్లా పనిచేస్తాయి.

‘పక్షికి రెండు పక్షాలు కావాలి కదా’ అని ఒకరు కవిత్వం పెట్టారు. మంచిదే. ఆ లెక్కన పక్షమంటే పదిహేను రోజులు కూడా. చాలా పొత్తులు అంతవరకే ఎగురుతాయి.

విధాన సౌధ ముందు నుంచి రోజూ వెళ్లే సభ్యుడు ఒకరు, దాని నుదుటి మీద ‘సర్కారద కెలస దేవర కెలస’ (సర్కారు పని దేవుడి పని) అని ఉంది కదా, దేవుడి పనికి లెక్క అడిగేదెవరు అని చమత్కరించారు. మన గుళ్ల హుండీలకు కూడా ఆడిట్ ఉందండీ.

అసలు పెన్నిధి నిన్న రాత్రి దొరికింది. ఇంగ్లీషువాడిది ఎంత వింత మాట అని ఇంకా నవ్వుకుంటుంటే అక్కయ్య రాసింది:

అక్కయ్య: మన పరాకు సంగతేమిటి?

నిజమే! పరాకు పడ్డాను అంటే చూసుకోలేదు, మరిచాను అని. రాజుగారు కొలువుకు వస్తుంటే వందిమాగధులు ‘బహుపరాక్!’ అని అరిచేది మాత్రం జాగ్రత్త, ఒళ్లు దగ్గర పెట్టుకో అని. ఏమరుపాటూ, హెచ్చరికా ఒకే మాటలో. ఓవర్‌సైట్‌కు ఇంతకంటే తోబుట్టువు ఏ భాషలో దొరుకుతుంది? ఒక్క తేడా ఉంది. మన బహుపరాక్ రాజు కోసం జనాన్ని జాగ్రత్త పడమంటుంది. పాఠంలోది జనం కోసం రాజును కనిపెట్టి ఉండమంటుంది.

కనిపెట్టి! ఆ మాట నా వేళ్ల మీదకు దానంతటదే వచ్చింది. అమెరికా కాంగ్రెస్ 1946లో చేసిన పునర్వ్యవస్థీకరణ చట్టంలో, శాఖలు చట్టాలను ఎలా అమలు చేస్తున్నాయో కమిటీలు ఎడతెగకుండా కనిపెట్టుకుని ఉండాలన్న అర్థం వచ్చే వాక్యం ఉంది. అందులో ఓవర్‌సైట్ అనరు, కన్ను మూయకుండా కాచుకోవడం అన్న భావంతో మరో మాట వాడారు. తెలుగులో పసిపిల్లను కనిపెట్టుకుని ఉంటాం, దొంగను కనిపెడతాం, జబ్బును కనిపెడతాం. కాపాడటం, పసిగట్టడం రెండూ ఇందులోనే ఉన్నాయి. పైవాడు కానక్కరలేదు. ముసలి అవ్వ కూడా వాకిట్లో కూర్చుని కనిపెట్టగలదు.

మాస్టారు: క్రియగా బంగారం. నామవాచకం చేయబోయావో, ‘కనిపెట్టుట’ అని పాఠ్యపుస్తకం వాసన వస్తుంది.

అందుకని ఇలా తేల్చుకున్నాను. శీర్షిక ‘ఉభయపక్ష పర్యవేక్షణ’గానే పోతుంది, మాస్టారి మాట గెలిచింది. లోపల వాక్యాల్లో మాత్రం ఎక్కడ వీలైతే అక్కడ కనిపెట్టడం, ఆరా తీయడం. లెవిన్, రిపబ్లికన్ సెనేటర్ టామ్ కోబర్న్ కలిసి 2011లో ఆర్థిక సంక్షోభం మీద తెచ్చిన నివేదిక దగ్గర ‘ఇరుపక్షాలూ కలిసి ఆరా తీసి’ అని రాస్తే వాక్యం ఎక్కడా తడబడలేదు. నాలుగో పేజీలో పొరపాటు కొట్టేసి, శాఖవారి పరాకు అని దిద్దాను.

ఇంకా ఒకటి మిగిలింది. సాక్షిని, కాగితాలను తప్పనిసరిగా రప్పించే ఉత్తరువు, సబ్‌పీనా. సమను అంటే కోర్టు మెట్లు కనిపిస్తున్నాయి. తాఖీదు అనవచ్చా?

పెద్దాయన: అనవచ్చు. మా ఆఫీసులో శ్రీముఖం అనేవాళ్లం, అది మాత్రం రాయకండి.