కువైట్ విమానం: వెళ్లేటప్పుడు రెండు గంటల ఇరవై నిమిషాలు, వచ్చేటప్పుడు ఏడు గంటలా?

చిత్తూరు పాఠకుడు: సాయంత్రం నుంచి ఈ లెక్కతో కుస్తీ పడుతున్నాను, తెగడం లేదు. మా అమ్మను కువైట్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి పంపుతున్నాము. టికెట్టులో ఉదయం 6.00కు బయలుదేరి 8.20కి చేరుతుందని, తిరుగు ప్రయాణంలో రాత్రి 8.00కు బయలుదేరి తెల్లవారుజామున 3.00కు దిగుతుందని ఉంది. దూరం ఒక చోట 3,776 అని, మరొక చోట 2,039 అని చూపిస్తున్నారు. ఆమె షుగరు మాత్రల వేళలు రాసివ్వాలి కనుక దయచేసి ఎవరైనా సరైన సంగతి చెప్పండి.

రేణిగుంట మిత్రుడు: ఏ ఊరిలో విమానం ఎక్కుతారో మీరు రాయనే లేదు. రేణిగుంటలో 2015లో కొత్త టెర్మినల్ ప్రారంభమైంది, అంతర్జాతీయ హోదా కూడా వచ్చింది. అయినా గల్ఫ్‌కు వెళ్లే మన జిల్లా వాళ్లు చెన్నైకో బెంగళూరుకో పరుగెత్తవలసి రావడం గురించి ఎవరూ మాట్లాడరు.

పలమనేరు: అవి ఏ ఊరికి ఆ ఊరి గడియారపు వేళలు. తేడా రెండున్నర గంటలు. సరిచూసుకోండి.

చిత్తూరు పాఠకుడు: చెన్నై నుంచేనండీ, అది వేరే చెప్పాలా? రెండున్నర గంటలు కలపాలా, తీసివేయాలా?

లెక్కల మాస్టారు: కువైట్‌లో 8.20 అయినప్పుడు మనకు 10.50 అవుతుంది కాబట్టి వెళ్లడానికి 4 గంటల 50 నిమిషాలు పడుతుంది. అక్కడ రాత్రి 8.00 అంటే ఇక్కడ 10.30, అందువల్ల రావడానికి నాలుగున్నర గంటలు. ఇక దూరం విషయానికి వస్తే, మొదటిది కిలోమీటర్లలోనూ రెండవది నాటికల్ మైళ్లలోనూ ఉంది. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు కనుక రెండూ ఒకటే. ఇది భూగోళం మీద అతి దగ్గరి దారి కొలత, విమానం నడిచే దారి దీనికంటే కొంత ఎక్కువే ఉంటుంది.

గాలివాటం: ఆ ఇరవై నిమిషాల తేడా ఎందుకో మాస్టారు చెప్పలేదు. చలికాలంలో పైగాలులు పడమటి నుంచి బలంగా వీస్తాయి కనుక కువైట్ వైపు ఎదురుగాలి, వచ్చేటప్పుడు తోడుగాలి. నైరుతి రుతుపవనాల కాలంలో మాత్రం దక్షిణ భారతదేశం మీద, చాలా ఎత్తున, తూర్పు నుంచి వేగంగా వీచే గాలి ప్రవాహం ఉంటుంది. దాని గురించి 1958లో వివరించినవారు, తరువాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయిన కోటేశ్వరం గారు. కనుక నెల చెప్పకుండా ప్రయాణకాలం అడగడం అర్థం లేని పని.

పలమనేరు: ఆమెకు మాత్రల వేళ కావాలి, వాతావరణ పాఠం కాదు.

రేణిగుంట మిత్రుడు: అది డైరెక్ట్ విమానమేనా?

లెక్కల మాస్టారు: డైరెక్ట్ అన్నంత మాత్రాన మధ్యలో ఆగదని కాదు. అదే నంబరుతో దారిలో ఒక ఊరిలో దిగి మళ్లీ లేచినా డైరెక్ట్ అనే అంటారు. ఎక్కడా ఆగనిది నాన్‌స్టాప్.

రేణిగుంట మిత్రుడు: మా ఊళ్లో రెండింటినీ ఒకే అర్థంలో వాడతారు, టికెట్లు అమ్మేవాళ్లు కూడా.

లెక్కల మాస్టారు: వాడకం వేరు, అర్థం వేరు.

చిత్తూరు పాఠకుడు: డైరెక్ట్ అనే ఉంది. ఇంత దూరానికి 4 గంటల 50 నిమిషాలే కనుక మధ్యలో దిగే వ్యవధి లేదనుకుంటాను. మాత్రల వేళలు డాక్టరు గారినే అడిగి, అమ్మ చేతి గడియారాన్ని మన టైములోనే ఉంచమంటాను. కృతజ్ఞతలు.

గాలివాటం: నెల మాత్రం చెప్పలేదు.