సొంత అథారిటీ ట్రక్కుకి 7,50,000 డాలర్ల బీమా సరిపోతుందా? కనీస పరిమితి పెంచాలా?

డల్లాస్ డ్రైవర్:
అందరికీ నమస్కారం. ఏడేళ్లు వేరే కంపెనీకి లీజు మీద నడిపి, ఈ మధ్యే సొంత అథారిటీ (సొంత పేరుతో సరుకు రవాణా చేసేందుకు అమెరికా ఫెడరల్ అనుమతి) తీసుకున్నాను. ట్రక్కు ఒక్కటే, నడిపేది నేనే. బీమా కొటేషన్లు చూసినప్పటి నుంచి ఒకటే ఆలోచన. రాష్ట్రాలు దాటి మామూలు సరుకు మోసే పెద్ద ట్రక్కుకి ఫెడరల్ చట్టం అడిగే కనీస లయబిలిటీ బీమా (ప్రమాదంలో ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి కట్టేది) 7,50,000 డాలర్లు. 1980లో చట్టంలో పెట్టిన అంకె ఇది, 1985 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. నేటికీ మారలేదు. పెరిగిన ధరలతో చూస్తే ఇప్పుడది 20 లక్షలు దాటాలి. పెంచాలనే నా అభిప్రాయం. మీరేమంటారు?

ఫ్రెస్నో అన్న:
వద్దు తమ్ముడూ. నేను 11 ఏళ్లుగా ఒక్క ట్రక్కు మీదే ఇల్లు నడుపుతున్నాను. 7,50,000 కాగితం మీది అంకె. 10 లక్షల పాలసీ చూపించకపోతే సరుకు యజమానులకు ట్రక్కులు కుదిర్చే బ్రోకర్లు చాలామంది లోడే ఇవ్వరు. ట్రక్కుల భద్రత చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్‌ఎంసీఎస్‌ఏ 2014లో ఈ పరిమితి పెంచే పని మొదలుపెట్టి 2017లో విరమించుకుంది. 2021లో ప్రతినిధుల సభ బిల్లులో 20 లక్షలు అని రాశారు, చివరికి చట్టంలోకి రాలేదు. ప్రీమియం పెరిగితే వందల ట్రక్కులున్న కంపెనీ తట్టుకుంటుంది, అనుమతి తెచ్చుకుని బీమా కొనకుండా సొంత పూచీ మీదైనా నడుపుకుంటుంది. మనకా దారి లేదు. కొత్త అథారిటీకి మొదటి ఏడాది ప్రీమియం ఎంతో నీకిప్పుడు తెలుసు కదా.

నర్సమ్మ, ఒహాయో:
అన్నా, మా ఆయనదీ ఇదే పని కాబట్టి ప్రీమియం టెన్షన్ మా ఇంట్లోనూ ఉంది. కానీ నేను పనిచేసేది వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ల వార్డులో. మెడ పైభాగంలో వెన్నుపాము తెగిన మనిషికి మొదటి ఏడాది ఖర్చే 10 లక్షల డాలర్లు దాటుతుంది. పైగా ఆ 7,50,000 మనిషికింత అని కాదు, మొత్తం ప్రమాదానికి. కారులో నలుగురుంటే నలుగురూ పంచుకోవాలి. అలాంటి ప్రమాదాలు తక్కువే, ఒప్పుకుంటాను. ఆ తక్కువలో పడ్డ కుటుంబాన్ని నేను రోజూ చూస్తున్నాను.

బీమా ఏజెంట్, న్యూజెర్సీ:
పరిమితి గురించి వాదించే ముందు, కొన్న పాలసీలో ఏముందో చూసుకోండి. పాలసీకి జతచేసే ఎంసీఎస్-90 అనే హామీ కాగితం ఉంది కాబట్టి ఏం జరిగినా బీమా కంపెనీయే కడుతుందని చాలామంది నమ్ముతారు. అది మీకు రక్షణ కాదు, దెబ్బ తగిలినవాళ్లకు. పాలసీలో లేని ట్రక్కుతో ప్రమాదం జరిగి కోర్టు తీర్పు వస్తే, బీమా కంపెనీ వాళ్లకు కట్టి ఆ సొమ్ము మళ్లీ మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు.

ఇంకొకటి. లయబిలిటీ ఎంత పెంచినా మీరు మోసే సరుకుకి ఒక్క డాలర్ రాదు. ఇంటి సామాను మోసేవాళ్లకు తప్ప కార్గో బీమా ఫెడరల్ నిబంధన 2011లో తీసేశారు. లక్ష డాలర్ల కార్గో కావాలని అడిగేది బ్రోకర్లే.

ఫ్రెస్నో అన్న:
కార్గో మాట నిజం. నాకు తగిలిన దెబ్బ అదే. రీఫర్ యూనిట్ (ట్రైలర్‌ని చల్లగా ఉంచే మెషిన్) దారిలో ఆగిపోయి స్ట్రాబెర్రీ లోడ్ మొత్తం పాడైంది. కార్గో పాలసీ ఉంది, రీఫర్ బ్రేక్‌డౌన్ కవరేజీ విడిగా తీసుకోవాలని నాకెవరూ చెప్పలేదు. రెండేళ్లు ఆ అప్పు కట్టాను. నర్సమ్మా, నువ్వు చెప్పింది కాదనలేను. కానీ ఆ భారమంతా ఒంటి ట్రక్కువాడి నెత్తిన పెడితే వాడు అథారిటీ వదిలేసి మళ్లీ లీజుకే పోతాడు.

డల్లాస్ డ్రైవర్:
అన్నా, నేనింకా పెంచాలనే అంటాను, కానీ ఒక్కసారిగా కాదు, కొన్నేళ్లలో కొంచెం కొంచెంగా. చట్టం మారేదాకా ఆగను, 10 లక్షల పైన ఇంకో 10 లక్షల ఎక్సెస్ పాలసీకి రేటు అడిగాను. రీఫర్ బ్రేక్‌డౌన్ కూడా కలపమన్నాను. సర్వీసు రికార్డులు చూపించాలంటున్నారు, నేను కొన్నది పాత రీఫర్. ముందు ఓనర్ రికార్డులు లేకపోతే ఏం చేయాలి?

ఫ్రెస్నో అన్న:
లోడ్ ఎక్కించే ముందే యూనిట్‌ని షాపులో పూర్తిగా చెక్ చేయించు. తేదీ, అవర్ మీటర్ (యూనిట్ ఎన్ని గంటలు నడిచిందో చూపేది) రీడింగ్ ఉన్న బిల్లు తీసుకో. ఇక నుంచి ప్రతి సర్వీసు బిల్లూ దాచు. పాత రికార్డుల బదులు ఆ బిల్లులు ఒప్పుకుంటామని బీమా కంపెనీ చేత ఈమెయిల్లో రాయించుకో, ఫోన్లో చెప్పిన మాట నమ్మకు.