ఇంట్లో బాగానే ఉన్న సైటు, సర్వర్‌కి ఎక్కించగానే తెలుగంతా ప్రశ్నార్థకాలు

పర్లాకిమిడి డీటీపీ:

అందరికీ నమస్కారం. ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో నాది చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, ఆన్‌లైన్ ఫారాలు, ఇదీ మన పని. వెబ్‌సైట్లు కట్టడం నా వృత్తి కాదు. మా చిన్నాన్నగారు కొమ్ము పని చేస్తారు. కొమ్ముని కోసి, అరగదీసి, మెరుగుపెట్టి నెమళ్ళు, కొంగలు, దువ్వెనలు చేస్తారు. ఈ ఊరి కొమ్ము బొమ్మల గురించి మీలో కొందరైనా వినే ఉంటారు. ఆయన, ఇంకో ఏడెనిమిది మంది కలిసి "కంప్యూటర్ ఉన్నవాడివి, నువ్వే ఒక సైటు పెట్టు" అని నా మీద పడ్డారు. కాదనలేకపోయాను.

వర్డ్‌ప్రెస్‌లో మొదలుపెట్టాను. షాపు కంప్యూటర్‌లోనే జాంప్ (సొంత కంప్యూటర్‌నే సర్వర్‌లా వాడుకునే సాఫ్ట్‌వేర్) వేసుకుని రెండు నెలలు రాత్రిళ్ళు కూర్చుని కట్టాను. మా ఊళ్ళో మూడు భాషలూ కావాలి కదా, తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింటిలో పేజీలు పెట్టాను. ఒడియా మా పక్కింటి టీచరమ్మ రాసిచ్చారు. ఇంట్లో చూస్తే ముచ్చటగా ఉంది.

మొన్న హోస్టింగ్ కొని, ఫైళ్ళు ఎఫ్‌టీపీలో పంపి, డేటాబేస్ ఎక్స్‌పోర్ట్ చేసి, షాపు కంప్యూటర్ అడ్రసు లోకల్‌హోస్ట్ అని ఉన్న చోటల్లా కొత్త అడ్రసు పెట్టి ఎక్కించాను. ఇప్పుడు చూడండి నా అవస్థ. తెలుగు, ఒడియా పేజీల్లో అక్షరానికి బదులు వరసగా ప్రశ్నార్థకాలు. ఇంగ్లీషు మాత్రం శుభ్రంగా ఉంది. పైన లోగో లేదు, మెనూ లేదు, కింద ఫుటర్‌లో పెట్టినవన్నీ పోయాయి. హోమ్ పేజీ తెరుచుకుంటుంది, లోపలి ఏ పేజీ నొక్కినా 404, పేజీ దొరకలేదని. ఫోటోల్లో సగం కనబడవు.

హోస్టింగ్ వాళ్ళకి రెండుసార్లు ఫోన్ చేశాను. "మా వైపు అంతా బాగానే ఉంది సార్" అన్నారు. వాళ్ళ సర్వర్ తెలుగుకి పనికిరాదేమో అని నా అనుమానం. రథయాత్రకి బయటి ఊళ్ళవాళ్ళు వస్తారు, అప్పటికి సైటు కార్డు మీద అచ్చు వేయించాలని చిన్నాన్న పట్టు. పది రోజులే ఉంది. టెన్షన్‌తో నిద్ర లేదు.

గుణుపురం కుర్రాడు:

అన్నా, హోస్టింగ్ మార్చేసేయ్. నాకూ ఒకసారి ఇలాగే అయితే వేరేదానికి మారాను, సెట్ అయిపోయింది. లేదంటే డేటాబేస్‌లో అక్షరాల సెట్టింగు, కొలేషన్‌ని యూటీఎఫ్ 8 ఎంబీ 4 చెయ్. తెలుగుకి అదే కావాలి.

బరంపురం మాస్టారు:

బాబూ, నాకు అరవై దాటాయి, నువ్వు అంటే ఏమీ అనుకోకు. హోస్టింగ్ జోలికి ఇప్పుడే పోకు. ఒకటి అడుగుతాను. పేజీలో ఉన్నవి అచ్చంగా ప్రశ్నార్థకాలేనా, లేక నెత్తి మీద చిన్న గీత ఉన్న ఇంగ్లీషు ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తు, మళ్ళీ ఏ, మళ్ళీ డిగ్రీ గుర్తు, ఇలా వస్తున్నాయా?

ఎందుకంటే రెండూ వేరు వేరు జబ్బులు. అన్ని భాషల అక్షరాలూ దాచే పద్ధతి యూటీఎఫ్ 8. అందులో తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు. ఆ మూడింటినీ లాటిన్ అక్షరాలు అనుకుని విడివిడిగా చదివితే మొదటిది గీత ఉన్న ఏ, రెండోది డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో అవుతుంది. అలా వస్తే సంతోషించు. సరుకు లోపల చెక్కుచెదరకుండా ఉంది, చదివే తీరు తప్పింది, అంతే. కాని అచ్చమైన ప్రశ్నార్థకం వచ్చిందంటే ఎక్కడో ఎవరో "ఈ అక్షరం నాకు తెలీదు" అని దాన్ని తీసేసి ఆ స్థానంలో ప్రశ్నార్థకం పెట్టేశారు. అది తిరిగి రాదు. పాత కాపీ నుంచి మళ్ళీ ఎక్కించుకోవాల్సిందే.

కుర్రాడు చెప్పిన ఎంబీ 4 మంచిదే, కాని నీ ప్రశ్నార్థకాలకి కారణం అది కాదు. తెలుగూ ఒడియా కూడా మూడు బైట్ల లోపే సరిపోతాయి, పాత యూటీఎఫ్ 8 టేబుల్‌లో కూడా పడతాయి. ఎంబీ 4 లేకపోతే ఇబ్బంది పడేవి ఎమోజీల్లాంటి నాలుగు బైట్లవి.

అడ్రసు మార్చాను అన్నావు. దేంతో మార్చావు?

పర్లాకిమిడి డీటీపీ:

మాస్టారూ, నమస్కారం. అచ్చమైన ప్రశ్నార్థకాలే. మార్చింది నోట్‌ప్యాడ్‌లో. ఎస్‌క్యూఎల్ ఫైలు తెరిచి, రీప్లేస్ ఆల్ కొట్టి, సేవ్ చేశాను.

ఇప్పుడు మీరు అడిగాక గుర్తొస్తోంది. సేవ్ యాజ్‌లో యూటీఎఫ్ 8 కాకుండా పాత పద్ధతి ఏఎన్‌ఎస్‌ఐ పెట్టాను. ఏదో వార్నింగ్ వచ్చింది, చదవకుండా ఓకే నొక్కేశాను. పేజ్‌మేకర్‌లోకి తెచ్చే టెక్స్ట్ ఫైళ్ళన్నీ ఇన్నేళ్ళుగా అలాగే సేవ్ చేస్తున్నాను. డీటీపీలో వాడే మా పాత అను ఫాంట్లకి యూనికోడ్‌తో పని లేదు కదా. చెయ్యి దానంతటదే అటు పోయింది.

బరంపురం మాస్టారు:

దొంగ దొరికాడు. ఆ వార్నింగ్‌లో ఉన్నది అదే, ఇలా సేవ్ చేస్తే యూనికోడ్ అక్షరాలు పోతాయి అని. నీ డీటీపీ చెయ్యే నీ సైటుని తినేసింది. హోస్టింగ్ వాళ్ళని రెండుసార్లు తిట్టి ఉంటావు, పాపం.

నీ లోగో, మెనూ, ఫుటర్ పోయింది కూడా ఆ నోట్‌ప్యాడ్ చలవే. వర్డ్‌ప్రెస్‌లో వ్యాసాల్లాంటివి మామూలు టెక్స్ట్‌గా ఉంటాయి. సైటు రూపాన్ని చూసే థీమ్ సెట్టింగులు, ఫుటర్‌లో పెట్టే విడ్జెట్లు మాత్రం సీరియలైజ్ చేసి దాస్తుంది. అంటే ప్రతి మాట ముందూ దాని పొడవు ఎన్ని బైట్లో అంకె రాసి ఉంటుంది. నీ పాత అడ్రసు 22 బైట్లు అనుకో, ముందు 22 అని ఉంటుంది. నువ్వు దాన్ని చెరిపి 27 బైట్ల అడ్రసు పెట్టావు, అంకె మాత్రం 22 గానే మిగిలింది. వర్డ్‌ప్రెస్‌ని నడిపే పీహెచ్‌పీ వచ్చి కొలిచి, లెక్క తప్పిందని మొత్తం మూటని అవతల పారేస్తుంది. ఒక్క అక్షరం తేడాకి మూట మొత్తం పోతుంది. అందుకే పేజీల్లో రాత ఎంతో కొంత నిలిచింది, సెట్టింగులు పూర్తిగా మాయమయ్యాయి. అడ్రసు నువ్వు ముట్టుకోకపోయినా సెట్టింగుల్లో తెలుగు ఉన్న మూటలు పాడయ్యేవే, మూడు బైట్ల అక్షరం ఒక బైటు ప్రశ్నార్థకం అయింది కదా.

ఇలా చెయ్యి. సర్వర్‌లో ఎక్కించిన టేబుళ్ళు తీసెయ్యి. జాంప్ నుంచి కొత్తగా ఎక్స్‌పోర్ట్ తీసుకో. ఆ ఫైలుని తెరవకు, చూడాలనిపించినా తెరవకు. అలాగే ఇంపోర్ట్ చెయ్యి. అప్పుడు సైటు నిన్ను లోకల్‌హోస్ట్‌కి లాక్కుపోతుంది కాబట్టి వర్డ్‌ప్రెస్ కాన్ఫిగ్ ఫైలులో హోమ్, సైట్ అడ్రసు రెండు లైన్లు కొత్తవి రాస్తే లోపలికి వెళ్ళగలవు. సర్వర్‌లో కమాండ్ లైన్ ఉంటే డబ్ల్యూపీ సీఎల్ఐ అనే వర్డ్‌ప్రెస్ పనిముట్టులో సెర్చ్ రీప్లేస్ ఉంది, అది పొడవు అంకెలు కూడా సరిచేస్తుంది. నీ చవక ప్లాన్‌లో ఉండకపోవచ్చు. అయితే బెటర్ సెర్చ్ రీప్లేస్ అనే ప్లగిన్ వేసుకో. మొదట డ్రై రన్ పెట్టి ఎన్ని చోట్ల మారుతుందో చూసుకుని అప్పుడు అసలుది నడుపు.

404కి సెట్టింగుల్లో పేజీ అడ్రసుల తీరు చూసే పర్మాలింక్స్ పేజీకి వెళ్ళి, ఏమీ మార్చకుండా సేవ్ నొక్కు. లోపలి పేజీలకి దారి చూపే, చుక్కతో మొదలయ్యే హెచ్‌టీయాక్సెస్ ఫైలు ఎఫ్‌టీపీలో దాగి ఉండి రాలేదు, అంతే. ఫోటోల సంగతి నీకే తెలియాలి. చేత్తో లింకులు రాశావా? విండోస్‌కి పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ ఒకటే. లినక్స్ సర్వర్‌కి పెద్ద అక్షరాల జేపీజీ వేరు, చిన్న అక్షరాల జేపీజీ వేరు.

గుణుపురం కుర్రాడు:

సారీ అన్నా, నా సలహా వింటే డబ్బులు పోయేవి.

పర్లాకిమిడి డీటీపీ:

మాస్టారూ, తెలుగు వచ్చేసింది, ఒడియా వచ్చేసింది! లోగో, మెనూ, ఫుటర్ అన్నీ ఉన్నాయి. టీచరమ్మకి చూపిస్తే ఆవిడ నాకంటే సంబరపడ్డారు.

కాని ఇంకో ఘనకార్యం చేశాను. ఏఎన్‌ఎస్‌ఐ పాపం అని తెలిసింది కదా, ఇక ప్రతి ఫైలూ యూటీఎఫ్ 8 లోనే సేవ్ చేయాలని పట్టుబట్టాను. థీమ్ ఫంక్షన్స్ ఫైలు తెరిచి, ఫుటర్‌లో ఒక లైను మార్చి, అలాగే సేవ్ చేశాను. ఇప్పుడు లాగిన్ అవ్వనివ్వట్లేదు. హెడర్స్ ఆల్రెడీ సెంట్ అంటోంది. షాపు కంప్యూటర్‌లో ఇంకా విండోస్ 7 ఉంది. ఇంకొకటి, ఫోన్‌లో చూస్తే హెడ్డింగుల్లో వత్తులు తెగిపోతున్నాయి. "కొమ్ము"లో మకార వత్తు సగమే కనబడుతోంది.

బరంపురం మాస్టారు:

నవ్వు ఆపుకోలేకపోతున్నాను, క్షమించు. పాత విండోస్ నోట్‌ప్యాడ్ యూటీఎఫ్ 8 అంటే ఫైలు మొదట్లో కనబడని మూడు బైట్లు తగిలిస్తుంది, బామ్ అంటారు. పీహెచ్‌పీ ట్యాగు కంటే ముందు ఆ మూడూ బయటికి పోతాయి. లాగిన్ అయ్యావని గుర్తుపెట్టే కుకీ పంపాల్సిన వేళకి పేజీ మొదలైపోయి ఉంటుంది, అందుకే లాగిన్ పడదు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ దించుకుని ఎన్‌కోడింగ్ మెనూలో బామ్ లేని యూటీఎఫ్ 8 ఎంచుకుని సేవ్ చేసి పంపు.

అసలు ఆ ఫైలుని ముట్టుకోవడమే తప్పు. రేపు థీమ్‌కి అప్‌డేట్ వస్తే నీ లైను గాల్లో కలుస్తుంది. అసలు థీమ్‌ని ఆనుకుని నడిచే చిన్న థీమ్, చైల్డ్ థీమ్, చేసుకో. ఒక ఫోల్డరు, అందులో ఒక స్టైల్ ఫైలు, ఒక ఫంక్షన్స్ ఫైలు చాలు. స్టైల్ ఫైలు పైన టెంప్లేట్ అని రాసే చోట అసలు థీమ్ ఫోల్డరు పేరు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి, థీమ్‌కి బయట కనబడే పేరు కాదు. ఒక హెచ్చరిక. చైల్డ్ థీమ్‌ని యాక్టివేట్ చేయగానే లోగో లాంటి సెట్టింగులు మళ్ళీ పోయినట్టు కనబడతాయి. భయపడకు. ఆ సెట్టింగులు ఏ థీమ్‌కి ఆ థీమ్ పేరున దాస్తుంది, కొత్త పేరున ఖాళీగా మొదలవుతుంది. మళ్ళీ పెట్టుకోవాలి.

వత్తులకి హెడ్డింగుల లైన్ హైట్, అంటే వరసకి ఇచ్చే ఎత్తు, చూడు. ఇంగ్లీషు వాళ్ళు చేసిన థీముల్లో 1.1 అనో 1.2 అనో ఉంటుంది, పైగా బయటికి వచ్చింది దాచెయ్యి అని కూడా రాసి ఉంటారు. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు, చోటు కావాలి. 1.6 పెట్టి చూడు.

జయపురం పాత కాపు:

ఆలస్యంగా వచ్చాను, మాస్టారు అన్నీ చెప్పేశారు. తమ్ముడూ, కార్డు మీద అచ్చు వేస్తానన్నావు కదా, ముందు నీ బొమ్మల పేజీల అడ్రసులు ఒకసారి చూసుకున్నావా?

పర్లాకిమిడి డీటీపీ:

చూశాను అన్నా, అడగబోతున్నాను. "పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు: నెమలి", "పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు: కొంగ", ఇలా ఉన్నాయి పేజీల పేర్లు. నెమలి అడ్రసు చివర "బొమ్మ" అని ఆగిపోయింది. కొంగది "బొమ్-2", దువ్వెనది "బొమ్-3". చిన్నాన్న చూసి "ఇదేం బాంబుల షాపురా" అన్నారు.

జయపురం పాత కాపు:

అడ్రసు ముక్క దాచే గడి 200 అక్షరాలే. తెలుగు అక్షరాన్ని అందులో శాతం గుర్తులతో రాస్తారు, బైటుకి మూడు చొప్పున అక్షరానికి తొమ్మిది. గుణింతం గుర్తు, పొల్లు కూడా లెక్కే. అంటే 22 గుర్తులు దాటితే కత్తిరింపే. నీ పేర్లన్నీ ఒకేలా మొదలవుతున్నాయి కాబట్టి నెమలి, కొంగ అన్న మాట దాకా చేరనే లేదు. అన్నీ ఒకటే అయ్యేసరికి 2, 3 తగిలించింది, ఆ అంకెకి చోటు కోసం ఇంకో "మ" కోసేసింది.

పేజీ పేరు తెలుగులో అలాగే ఉంచు. అడ్రసు ముక్క మాత్రం నువ్వే ఇంగ్లీషు అక్షరాల్లో నెమలి, కొంగ అని పొట్టిగా రాసెయ్. వాట్సాప్‌లో పంపినా జానెడు లింకు రాదు. ఇప్పుడే చెయ్యి. పోస్టులకైతే పాత అడ్రసు నుంచి కొత్తదానికి అదే మళ్ళిస్తుంది, పేజీలకి ఆ సదుపాయం లేదు. కార్డు అచ్చయ్యాక మారిస్తే రీడైరెక్ట్‌లు నువ్వే పెట్టుకోవాలి.

పర్లాకిమిడి డీటీపీ:

అన్నీ చేశాను. బామ్ తీశాను, చైల్డ్ థీమ్ పెట్టాను, మాస్టారు చెప్పినట్టే లోగో పోయింది, ఈసారి గుండె ఆగలేదు. అడ్రసులన్నీ పొట్టి అయ్యాయి. పాతపట్నం నుంచి వచ్చిన మా బావగారి ఫోన్‌లో కూడా వత్తులు నిండుగా కనబడ్డాయి. కార్డు ప్రూఫ్ తీసి చిన్నాన్నకి ఇచ్చాను, దానిమీద తెలుగు మళ్ళీ అను ఫాంటే లెండి.

ఒక్క కొంగ ఫోటో మాత్రం ఇంకా రావట్లేదు. ఫైలు పేరు చివర జేపీఈజీ అని ఉంది, నేను జేపీజీ అని రాసినట్టున్నాను. షాపు కట్టాక చూస్తాను.