8^(2/3) కి ఫోన్‌ల 21.33 ఎందుకొస్తున్నది?

ప్రశ్న (హన్మకొండ, తొమ్మిదో తరగతి):
సార్, ఫోన్ కాలిక్యులేటర్‌ల 8^2/3 కొడితే 21.33 చూపిస్తున్నది. పుస్తకం వెనుక జవాబు 4 అని ఉన్నది. 16 మీద మైనస్ 3/4 ఉన్న లెక్కకు నాకు -8 వస్తున్నది, వాళ్లు 1/8 అంటున్నరు. ఏడ తప్పు పోతున్న?

పరకాల, లెక్కల సార్:
మొదటిది బ్రాకెట్ పెట్టక వచ్చిన తిప్పలు. 8^2/3 అంటే మిషన్ ముందు 8 వర్గం 64 చేసి, దాన్ని 3 తోని భాగిస్తది. ఘాతాంకం మొత్తం బ్రాకెట్‌ల పెట్టు: 8^(2/3). అనుమానముంటే గుంట లెక్కతోని చూసుకో. గుంటకు 121 చదరపు గజాలు. చతురస్రంగ ఉంటే పక్క 121^(1/2), అంటే 11 గజాలు. బ్రాకెట్ మరిస్తే 60.5 చూపిస్తది!

ఘాతాంకంల ఉన్న భిన్నానికి హారం ఎన్నో మూలమో చెప్తది, లవం ఎన్నో ఘాతమో చెప్తది. ఏది ముందు చేసినా జవాబొకటే గని, మూలం ముందు తీస్తే చిన్న అంకెలతోని పనైతది. 32^(3/5): 32 కు అయిదో మూలం 2, దాని ఘనం 8. ఘాతం ముందు చేస్తే 32768 కు అయిదో మూలం వెతుక్కుంట కూసోవాలె.

ఇగ రెండోది. రుణ ఘాతాంకం సంఖ్యను రుణం చెయ్యది, తలకిందులు చేస్తది. 16 కు నాలుగో మూలం 2, ఘనం 8, తిప్పితే 1/8. భిన్నమైతే ముందే తిప్పుకో: (81/16)^(-3/4) = (16/81)^(3/4) = (2/3)^3 = 8/27.

జనగామ, ఇంటర్ ఎంపీసీ:
తిరుగు దారిలో, అంటే మూలం గుర్తును (√) ఘాతాంకంగా మార్చేటప్పుడు, పిల్లలు ఎక్కువగా తప్పేది √(7^3) దగ్గర. గుర్తు మీద అంకె లేకపోతే అక్కడ 2 ఉన్నట్టే, అది హారంలోకి పోతుంది: 7^(3/2). చాలామంది 7^(2/3) రాస్తారు. √8 × ³√4 లాంటివి వస్తే లోపలి సంఖ్యలను నేరుగా గుణించొద్దు, మూలాలు వేరువేరు. రెండింటినీ 2 ఘాతాలు చెయ్యి: 2^(3/2) × 2^(2/3). ఘాతాంకాలు కూడితే 13/6, అంటే 2 + 1/6. జవాబు 4 × ⁶√2.

ప్రశ్న అడిగినవారు:
సమజైంది సార్. మరి (-8)^(1/3) ని (-8)^(2/6) అని రాసి, వర్గం చేసి ఆరో మూలం తీస్తే 2 వస్తున్నది. -2 రావాలె గదా?

పరకాల, లెక్కల సార్:
మంచి డౌటే. వర్గం చెయ్యంగనే 64 అయింది, మైనస్ ఆడనే పోయింది. అందుకే ఈ నియమాలకు ఘాతాంకం కింద ఉన్న సంఖ్య (ఇక్కడ -8) ధనం కావాలని షరతు పెడ్తరు. రుణ సంఖ్య ఉంటే భిన్నాన్ని ముందు సూక్ష్మరూపంలకు తే, హారం బేసి అయితేనే మూలం తియ్యి. (-16)^(1/4) కు వాస్తవ సంఖ్యల్ల జవాబే లేదు. కొన్ని కాలిక్యులేటర్లు (-8)^(1/3) కు కూడ ఎర్రర్ చూపిస్తయి. అప్పుడు 8^(1/3) కొట్టి మైనస్ నువ్వే పెట్టుకో. లవం సరిసంఖ్య అయితే పెట్టకు: (-8)^(2/3) = 4.