గంగవాయిలి, ఆగాకర విత్తనాలు దాచేదెలా?

మాది దేవరకొండ దగ్గర పల్లె. పత్తి చేలలో కలుపుమందు కొట్టడం మొదలయ్యాక గట్ల మీది గంగవాయిలి కూరకూ కరువొచ్చింది. ఈసారి పెరట్లో నాలుగు మొక్కలు మిగిలాయి. వాటి విత్తనం దాచాలని నా తాపత్రయం. చిక్కంతా కాయతోనే. బియ్యపు గింజంత ఉంటుంది. పండగానే పైమూత టోపీలా ఊడి, ఆవాల కన్నా సన్నని నల్లటి గింజలు మట్టిలో కలిసిపోతాయి. నిన్న పొద్దున గిన్నె పట్టుకుని కూర్చుంటే చిటికెడు దొరికాయి, వాటిలోనూ సగం ఎర్రగా, పచ్చివే. మూత ఊడకముందే కొమ్మలు కోసి పాత చీర మీద ఆరబెడితే గింజ ముదురుతుందా? కాడ నిండా నీరే, కుళ్లుతుందేమోనని భయం.

ఆగాకరది వేరే గోల. పండి ఎర్రబడి పగిలిన కాయల గింజలను బూడిదలో కలిపి దాచాను. పన్నెండు నాటితే ఒక్కటే మొలిచింది, అదీ కాయ కాయని మగతీగ! పెంకు కాస్త గీకి నాటాలా, లేక గింజ మాట వదిలి ఆడతీగ దుంప తెచ్చుకోవడమే మేలా? గునుగు గురించి అడగను. బతుకమ్మకు కోయగా మిగిలిన పూలు ఎండాక దులిపితే బోలెడు రాలతాయి. చేసి చూసినవారు చెప్పండి.