చెరువు నిండా పచ్చదనమే, మరి తెల్లారేసరికి చేపలకు ఊపిరెందుకు ఆడదు?

రాజోలు_ట్యూషన్:

అందరికీ నమస్కారమండి. నేను చదివింది కామర్స్, సైన్సు పదో తరగతితోనే వదిలేశాను. ఇప్పుడు సాయంత్రాలు మా వీధి పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాను. ఆవరణ వ్యవస్థ పాఠం వచ్చింది. గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అని బాణాలు గీసి చెప్పేశాను, వాళ్ళు బట్టీ కూడా పట్టేశారు. ఇంతలో ఒక కుర్రాడు (వాళ్ళకు చేపల చెరువుంది) లేచి, "మొక్కలు ఆక్సిజన్ ఇస్తాయన్నారు కదా మాస్టారూ, మా చెరువు నీళ్ళు పచ్చగా ఉంటాయి, అదంతా నాచేనంట, మరి తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయెందుకు, మా నాన్న పరిగెత్తుకెళ్ళి ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) ఎందుకు వేస్తాడు" అన్నాడు. రేపు చెబుతాను అని తప్పించుకున్నాను. ఆ రేపు రేపే.

ఇంకో డౌటు నాది. చెరువు ఒక ఆవరణ వ్యవస్థ అంటారు. దానికి హద్దు ఎక్కడండి? గట్టు వరకేనా? గట్టు మీద కూర్చున్న కొంగ లోపలిదా, బయటదా? కాస్త మామూలు మాటల్లో చెప్పండి.

చెరువుగట్టు_భీమవరం:

ముందు ఆ కుర్రాడికి ఒక చాక్లెట్ ఇవ్వండి మాస్టారూ.

నాచు ఆక్సిజన్ ఇచ్చేది ఎండ ఉన్నంతసేపే. కానీ ఊపిరి మాత్రం ఇరవై నాలుగు గంటలూ పీలుస్తుంది, మనలాగే. పగలు తయారుచేసేది వాడుకునేదానికంటే ఎక్కువ కాబట్టి నీళ్ళలో ఆక్సిజన్ పెరుగుతూ పోయి మధ్యాహ్నం తర్వాత బాగా ఎక్కువగా ఉంటుంది. పొద్దుగూకాక తయారీ బంద్, ఖర్చు మాత్రం ఆగదు: నాచు పీలుస్తుంది, చేపలు పీలుస్తాయి, వీటికి తోడు అడుగున బురదలో మిగిలిపోయిన మేతనీ, చేపల రెట్టనీ కుళ్ళబెట్టే బ్యాక్టీరియా ఉంది చూశారూ, అదీ గట్టిగానే లాగేస్తుంది. అలా రాత్రంతా తగ్గి తగ్గి సూర్యుడు వచ్చే ముందు అట్టడుగుకి వస్తుంది. వాళ్ళ నాన్న పరిగెత్తేది అప్పుడే. ఇంకో తమాషా, నీళ్ళు మరీ చిక్కటి పచ్చగా ఉంటే రాత్రి పూట ఇంకా డేంజర్. రెండు రోజులు ముసురు పట్టిందా, పగటి తయారీ కూడా సరిగ్గా ఉండదు, ఇక చెరువుగల వాళ్ళకు నిద్ర ఉండదు.

కాబట్టి ఎవరు ఎవర్ని తింటారన్నది సగమే. ఎవరు ఏం పీలుస్తారు, ఏం వదులుతారు, చచ్చాక ఎవరి చేతికి వెళ్తారు, మిగతా సగం అదీ. వెలుతురు, నీళ్ళు, బురద, అన్నీ లెక్కలోకి వస్తాయి. 1935లో టాన్‌స్లీ అనే ఇంగ్లండు వృక్షశాస్త్రజ్ఞుడు ఎకోసిస్టమ్ (మన ఆవరణ వ్యవస్థ) అనే మాట వాడింది కూడా ఇందుకే, ప్రాణుల్నీ వాటి చుట్టూ ఉన్న ప్రాణం లేనివాటినీ కలిపి ఒకటిగా చూడాలని.

అదే చెరువులో ఇంకోటి చూపించండి. బొచ్చె ఎక్కువగా పైనీళ్ళలో సన్న పురుగుల్లాంటి జంతు ప్లాంక్టాన్ తింటుంది, శీలావతి మధ్యలో తిరుగుతుంది, ఎర్రమోసు అడుగున బురదలో వెతుక్కుంటుంది. ఒకే చెరువు, మూడు రకాల చేపలు, ఒకదాని కంచంలో ఒకటి పెద్దగా చెయ్యి పెట్టవు. తవుడు సంచులకు చిల్లులు పెట్టి కర్రలకు కడతారు కదా, ఆ చిల్లుల దగ్గర మాత్రం అన్నీ ఎగబడతాయి. అక్కడ పోటీ కళ్ళకు కనిపిస్తుంది.

పైరగాలి:

ఇంత ఎందుకండీ, పాముల్ని చంపితే ఎలుకలు పెరుగుతాయి, ఎలుకలు పెరిగితే వరి పోతుంది. ఇదే కదా పాఠం.

కొబ్బరితోట_అమలాపురం:

ఆయ్, అది నిజమే గానీ అంత సూటిగా ఉంటే మేం ఇన్ని తిప్పలు పడేవాళ్ళం కాదండి. మా తోటల్లో తెల్లదోమ సంగతి చెబుతాను, పిల్లలు చూసే ఉంటారు.

కొబ్బరాకు తిరగేస్తే అడుగున తెల్లగా మైనం సుడులు తిరిగి ఉంటుంది, వేలితో రాస్తే పిండిలా అంటుకుంటుంది. దక్షిణాదిలో ఈ రకం 2016లో మొదటిసారి బయటపడింది, ఇక్కడి పురుగు కాదు, అమెరికా ఖండం వైపు నుంచి వచ్చింది. ఇది ఆకు రసం పీల్చి తేనెలాంటి జిగురు వదులుతుంది. ఆ జిగురు కింది ఆకుల మీద, చెట్ల కింద ఉన్న అరటి మీద, జామ మీద పడుతుంది. దాని మీద నల్లగా మసిలాంటి బూజు పెరుగుతుంది. ఆ బూజు చెట్టును తినదు, జిగురునే తింటుంది, కానీ ఆకుకి ఎండ తగలనివ్వదు కాబట్టి ఆకు ఆహారం తయారుచేయడం తగ్గిపోతుంది. తీపి కోసం చీమలు కూడా చేరతాయి. ఇప్పుడు బాణాలు గీయమనండి చూద్దాం, బోర్డు చాలదు.

అసలు కథ మందు కొట్టాక. ఎన్‌కార్సియా అని కంటికి సరిగ్గా ఆనని చిన్న కందిరీగ జాతి ఉంది, తెల్లదోమ పిల్లల లోపలే గుడ్డు పెడుతుంది, దాని పిల్ల లోపల్నుంచి తినేసి చిల్లు చేసుకుని బయటికొస్తుంది. ఘాటు మందు కొడితే ముందు పోయేది ఇదే. తెల్లదోమలో కొంత ఆకు అడుగున బతికిపోయి మళ్ళీ పెరుగుతుంది, ఈసారి అడ్డం ఎవరూ ఉండరు. అందుకే మా దగ్గర అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం వాళ్ళు మందుల కంటే ఇలాంటి మిత్ర పురుగుల్నీ, దోమకు జబ్బు తెప్పించే శిలీంధ్రాన్నీ వాడమంటారు. పైరగాలి గారూ, పాము, ఎలుక, వరి అని మీరన్న గొలుసు తప్పని కాదు, పక్కన ఇంకో నలుగురు ఉంటారు, వాళ్ళను మర్చిపోతే లెక్క తిరగబడుతుంది.

రాజోలు_ట్యూషన్:

బాగుందండి, తెల్లదోమ మా పెరట్లోనే ఉంది, రేపు ఆకు కోసుకెళ్తాను. ఇంకో ప్రశ్న, పుస్తకంలో గద్దలు ఎప్పుడూ కొంచెమే, గడ్డి ఎక్కువ అని పిరమిడ్ వేశారు. ఎందుకలా? హద్దు సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

మడచెట్టు_కోరంగి:

పిరమిడ్ తేలికే. మిడత తిన్న గడ్డిలో ఎక్కువ భాగం దాని కదలికలకీ, ఊపిరికీ, వేడిగానూ ఖర్చయిపోతుంది, కొంత అరగకుండా బయటికి పోతుంది. ఒంటికి పట్టేది ఉజ్జాయింపుగా పదో వంతు. 1942లో లిండ్‌మన్ అనే అమెరికన్ ఒక సరస్సు మీద చేసిన పని నుంచి ఈ లెక్క బాగా ప్రచారంలోకి వచ్చింది. అన్ని చోట్లా ఖచ్చితంగా పదో వంతే రాదు. వెయ్యి కిలోల గడ్డితో వంద కిలోల మిడతలు, పది కిలోల కప్పలు, కిలో పాము, అనుకోండి. గద్ద దాకా వచ్చేసరికి ఇక మిగిలేదెంత?

కానీ మాస్టారూ, మీ బాణాల్లో ఒకటి పూర్తిగా లేదు. మా మడ అడవుల్లో పచ్చి ఆకు తినేవాళ్ళు తక్కువే, కథంతా రాలిన ఆకుతోనే నడుస్తుంది. సముద్రపు పోటు తగ్గి నీరు తీసినప్పుడు చెక్క వంతెన మీద కాసేపు కదలకుండా నిలబడితే కనిపిస్తుంది, పీత వచ్చి రాలిన ఆకును బొరియలోకి ఈడ్చుకుపోతుంది. అది తిన్నంత తిని వదిలింది బ్యాక్టీరియా, శిలీంధ్రాలు పడతాయి, ఆ ముక్కల్ని రొయ్య పిల్లలు, చిన్న చేపలు తింటాయి, వాటిని పెద్ద చేపలు, వాటిని నీటి కుక్కలు, బావురు పిల్లులు, కొంగలు. పీత తవ్విన బొరియల్లోంచి బురదలోకి గాలి దిగుతుంది, అది చెట్టుకే మేలు. అక్కడి బురదలో ఆక్సిజన్ దాదాపు ఉండదు, కాలు పెడితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన, అందుకే నల్లమడ వేళ్ళు పెన్సిళ్ళలా పైకి పొడుచుకొచ్చి ఊపిరి తీసుకుంటాయి.

హద్దు అంటారా, మీరు అడిగే ప్రశ్నను బట్టి గీసుకోవాలి. ఆక్సిజన్ గురించి అయితే గట్టు దాకా చాలు. కొంగ గురించి అయితే చాలదు, పొద్దున మీ చెరువులో తింటుంది, రాత్రి ఎక్కడో చెట్టు మీద రెట్ట వేస్తుంది. పులసను చూడండి, గోదారిలో పుట్టి, సముద్రంలో పెరిగి, వరద ఎర్రనీరు వచ్చే రోజుల్లో గుడ్లు పెట్టడానికి ఎదురీదుతుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, ఆ తర్వాత దాని స్థానంలో కట్టిన బ్యారేజీ దాని దారికి అడ్డం. పులస లెక్క రాయాలంటే బంగాళాఖాతం నుంచి ధవళేశ్వరం దాకా ఒకే కాగితం మీద గీయాలి.

రాజోలు_ట్యూషన్:

ధన్యవాదాలండి అందరికీ. ఆ కుర్రాడి చెరువు దగ్గరికే పిల్లల్ని తీసుకెళ్దామనుకుంటున్నాను. ఏం చూపించమంటారు?

చెరువుగట్టు_భీమవరం:

వాళ్ళ నాన్న దగ్గర ఆక్సిజన్ కొలిచే కిట్టు ఉంటే సాయంత్రం నాలుగింటికి ఒకసారి, మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి కొలిపించండి, రెండు అంకెలూ పక్కపక్కన రాయిస్తే మీరు ఇంకేం చెప్పక్కర్లేదు. గాజు గ్లాసులో నీళ్ళు పట్టి ఎండకు ఎత్తి చూపిస్తే ప్లాంక్టాన్ పురుగులు కదలడం కూడా కనిపిస్తుంది. పిల్లల్ని గట్టు మీదే ఉంచండి. ఏరియేటర్ల కరెంటు వైర్లు నీళ్ళ పక్కనే ఉంటాయి, అటు మాత్రం పోనివ్వకండి.