“ఊరకుండుడి” అంటే ఏం చేయమని? (కీర్తనలు 46:10)

అందరికీ నమస్కారం. చాలాకాలంగా మనసులో నలుగుతున్న ఒక మాటను ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

“ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి.” తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో గోడ క్యాలెండర్ మీద తరచూ కనిపించే వాక్యం. చిన్నప్పటి నుంచీ నాకు కంఠతా వచ్చు. కానీ ఆ మొదటి మాట దగ్గరే ఎప్పుడూ ఆగిపోయేదాన్ని.

మాది తెనాలి వైపు. మా ఇంట్లో “ఊరికే” అన్నది మంచి మాట కాదు. “ఊరికే కూర్చోకపోతే ఆ చిక్కుడుకాయల ఈనెలు తియ్యరాదూ” అనేది నాయనమ్మ. ఊరికే తిరగడం, ఊరికే తినడం, ఊరికే వాగడం, అన్నీ తప్పులే. ఇక బళ్ళో “ఊరుకోండి!” అంటే గద్దింపు. అందుకని ఈ వాక్యం వినగానే, దేవుడు నన్ను పని మానమంటున్నాడా, నోరు మూసుకోమంటున్నాడా అనిపించేది. ఇంట్లో నలుగురు, ఆఫీసులో నెలాఖరు లెక్కలు ఉన్న మనిషికి ఈ రెండూ కుదరవు.

ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటున్నాం. పొద్దున ఎనిమిదింటికి మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగుతాను. మా అత్తమ్మది మెదక్ జిల్లా. పోయిన నెలాఖరున బాబుకి జ్వరం. అవతల లెక్కలు ముగించాల్సిన గడువు. రాత్రి పదకొండుకి గిన్నెలు తోముతూ ఉన్నట్టుండి ఏడ్చేశాను. అత్తమ్మ వచ్చి నల్లా కట్టేసి, నా చేతిలోంచి పీచు తీసుకుని, “ఊకో బిడ్డా, ఊకో. పొద్దుగాల నిమ్మళంగ చేస్కుందాం” అంది.

ఆ “ఊకో” విన్నాకే కీర్తన కొత్తగా వినిపించింది. ఊరక, ఊరుకో, ఊరకుండు, ఊకో: అన్నీ ఒక ఇంటి మాటలే. ఏడ్చే పిల్లని ఒళ్ళోకి తీసుకుని “ఊకో” అంటే పని మానమని ఎవరూ అనుకోరు. నేనున్నాను, ఇక నువ్వు బిగపట్టుకోనక్కర్లేదు అని అర్థం.

తర్వాత మూలం చూశాను. ఇక్కడి హెబ్రీ మాటకు ధాతువు “రాఫా”. సడలించు, జారవిడుచు అని అర్థం. చేతుల పట్టు సడలడానికి కూడా ఇదే మాట వాడతారు. పైవచనం చూస్తే సందర్భం ఇంకా తేటపడుతుంది: యుద్ధాలు మాన్పేవాడు, విల్లు విరిచేవాడు ఆయనే అని చెప్పి, ఆ వెంటనే ఈ మాట. అంటే ముందుగా జారవిడవాల్సింది చేతిలో ఉన్న ఆయుధాన్ని.

మీ ప్రాంతంలో ఈ మాట ఏ రూపంలో ఉంది? ఏడుపు మాన్పడానికి ఏమంటారు, నోరు మూయించడానికి ఏమంటారు?

జవాబు (చిత్తూరు నుంచి వచ్చి కూకట్‌పల్లిలో ఉంటున్నాను):
మా వైపు “గమ్మునుండు” అంటామండీ. కానీ అది నోటికే సరిపోతుంది. ఏడ్చే పిల్లతో “గమ్మునుండు” అంటే ఇంకా గట్టిగా ఏడుస్తుంది. మీ కీర్తనకు ఇది పనికిరాదు. గాలితో, సముద్రంతో యేసు అన్న మాటకైతే బాగా అతుకుతుంది. మార్కు 4:39లో “నిశ్శబ్దమై ఊరకుండుము” అని ఉంది కదా, ఆ “ఊరకుండుము” దగ్గర గ్రీకులో ఉన్నది మూతికి చిక్కం వేయడానికి వాడే క్రియ. “నూర్చెడి యెద్దు మూతికి చిక్కము వేయవద్దు” (1 తిమోతి 5:18) అన్నచోట కూడా అదే క్రియ. సముద్రం మూతికి చిక్కం! మనవాళ్ళు కీర్తనలోనూ మార్కులోనూ “ఊరకుండు” అనేసరికి ఆ బొమ్మ కనిపించకుండా పోయింది.

జవాబు:
నాది కొంచెం కటువైన ప్రశ్న, ఏమనుకోవద్దు. ఈ వాక్యం చెప్పి పని ఎగ్గొట్టేవాళ్ళను చూశాను. “దేవుడే చూసుకుంటాడు” అని వాళ్ళు కూర్చుంటే ఆ పని పక్కవాళ్ళ నెత్తిన పడుతుంది. “ఎవడైనను పని చేయనొల్లనియెడల వాడు భోజనము చేయకూడదు” (2 థెస్సలొనీకయులకు 3:10) అన్నదీ అదే బైబిలు కదా?

నా జవాబు:
చిక్కం సంగతి నాకు తట్టనే లేదు, చాలా సంతోషం. తెలుగులో ఈ ఒక్క మాట మీద ఎంత బరువు పడిందో చూడండి. ఎర్రసముద్రం దగ్గర “మీరు ఊరకయే యుండవలెను” (నిర్గమ 14:14) అన్నచోట హెబ్రీలో ఉన్నది మౌనంగా ఉండడానికి వాడే వేరే మాట. “ఊరకుండి నమ్ముకొనుటవలన మీకు బలము కలుగును” (యెషయా 30:15) అన్నచోట ప్రశాంతతకు ఇంకో మాట. అన్నిటికీ తెలుగులో “ఊరకుండు” ఒక్కటే. నాకు ఇది లోపంగా అనిపించదు. మౌనం, సడలింపు, ఓదార్పు మన మాటలో ఇప్పటికే కలిసి ఉన్నాయి కాబట్టే అనువాదకులకు అది అన్నిచోట్లా అమరింది.

కటువైన ప్రశ్న అన్నారు, నిజానికి అది అవసరమైన ప్రశ్న. నిర్గమకాండంలో ఊరకుండమన్న తర్వాతి వచనం చూడండి: “సాగిపోవుడి” అని ఆజ్ఞ. భయాన్ని సడలించాక నడక. మీరు చెప్పిన థెస్సలొనీక పత్రికలో కూడా రెండు వచనాలు దాటితే “నెమ్మదిగా పని చేయుచు” అని ఉంది. ఇవాళ నెమ్మదిగా అంటే చాలామందికి ఆలస్యంగా అని వినిపిస్తుంది. అక్కడి గ్రీకు మాటకు అర్థం ప్రశాంతత. ఆందోళన లేకుండా పని చేసుకోమని. మా అత్తమ్మ అన్న “నిమ్మళంగ” సరిగ్గా అదే. సముద్రం “మిక్కిలి నిమ్మళమాయెను” అని సువార్తలోనూ ఉంది. ఈ మాటను మనం పుస్తకాల్లో రాయడం తగ్గించాం గానీ తెలంగాణ ఇళ్ళలో రోజూ వినిపిస్తుంది.

నా మట్టుకు నేను చేస్తున్నది చిన్నదే. సాయంత్రం అమీర్‌పేట నుంచి తార్నాక దాకా ఫోన్ బ్యాగులోనే ఉంచుతాను. పిడికిళ్ళు విప్పి ఒళ్ళో పెట్టుకుని ఈ వాక్యం మెల్లగా అనుకుంటాను. మిగిలిన పనులు ఒక చీటీ మీద రాసి రేపటికి వదిలేస్తాను. మొదటి వారమంతా చెయ్యి దానంతటదే బ్యాగు జిప్పు మీదికి పోయేది. ఇప్పుడు ఇంటికి చేరేసరికి బాబుతో కూర్చునే ఓపిక మిగులుతోంది. టెన్షన్ పూర్తిగా పోయిందని అనను, నెలాఖరున వస్తూనే ఉంది. కానీ పదిన్నరకి లైటు తీసేస్తున్నాను. “తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారి కిచ్చుచున్నాడు” (కీర్తనలు 127:2) అన్న మాట ఉండగా, నేను మేలుకుంటేనే ఇల్లు నడుస్తుందని ఎలా అనుకోను?

జవాబు (చిత్తూరు):
మీ అత్తమ్మగారిని ఆ వాక్యం వారి మాటలో చెప్పమని అడుగుతారా?

నా జవాబు:
ఇప్పుడే అడిగాను. పప్పు తాలింపు వేస్తూ చెప్పింది: “ఊకోండ్రి, నేనే దేవుణ్ణని ఎరుక చేస్కోండ్రి.”